రాత్రి పెగ్గు, పొద్దున ట్రక్కు: సీడీఎల్ ఉన్నవాళ్ల లెక్క

సీడీఎల్ అంటే అమెరికాలో ట్రక్కుల్లాంటి కమర్షియల్ బండ్లు నడిపేందుకు ఇచ్చే లైసెన్సు. ముందు గ్లాసు సంగతి. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 5 శాతం బీరు 12 ఔన్సులు, లేదా 40 శాతం విస్కీ ఔన్సున్నర, అంటే సుమారు 44 మి.లీ. మనవాళ్లు అలవాటుగా పోసే పెద్ద పెగ్గు 60 మి.లీ. 'మూడే వేశా' అన్నవాడు ఇక్కడి లెక్కలో నాలుగు తాగాడు.

ఎక్కింది దిగేది, అంటే రక్తంలో ఆల్కహాల్ శాతం తగ్గేది, గంటకు ఇంచుమించు 0.015 చొప్పునే. మజ్జిగ తాగినా, కాఫీ తాగినా, తలారా స్నానం చేసినా ఆ వేగం మారదు. అర్ధరాత్రికి రక్తంలో 0.14 ఉందనుకోండి. పొద్దున 6కి 0.05 మిగులుతుంది. చాలా రాష్ట్రాల్లో కారుకు పరిమితి 0.08, కమర్షియల్ బండికి 0.04. తల తేలిగ్గానే ఉంటుంది, లోడు ఎత్తుకుంటాడు, దొరికిపోతాడు. 8 గంటలకు కూడా ఇంకా 0.02 ఉంటుంది. కంపెనీ టెస్టులో 0.02 నుంచి 0.039 వస్తే 24 గంటలు బండి ముట్టుకోకూడదు. డ్యూటీకి 4 గంటల ముందు తాగొద్దన్న రూలును చాలామంది 'నాలుగు గంటలు ఆగితే చాలు' అని చదువుకుంటారు. పై లెక్కలో సున్నాకు రావడానికి 9 గంటలు దాటింది మరి.

టెస్టు ఇలా జరుగుతుంది. కొత్త మౌత్‌పీస్ కవరు మీ ఎదుటే విప్పుతారు, ఊదమంటారు. 0.02 గానీ, పైన గానీ వస్తే కనీసం 15 నిమిషాలు ఏమీ తినకుండా, తాగకుండా, నోట్లో ఏదీ పెట్టుకోకుండా కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తారు. మౌత్‌వాష్ వాసన లాంటివి ఈలోపు పోతాయి. లెక్కకు వచ్చేది ఆ రెండో అంకె. కోపమొచ్చి మధ్యలో లేచి వెళ్లిపోతే అది నిరాకరణ, 0.04 వచ్చినదానితో సమానం.

0.04 వచ్చినా, నిరాకరించినా పేరు ఫెడరల్ క్లియరింగ్‌హౌస్‌లో, అంటే ఇలాంటి డ్రైవర్ల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ రికార్డులో, పడుతుంది. 2024 నవంబర్ 18 నుంచి రాష్ట్రం సీడీఎల్‌నే తీసేసి మామూలు లైసెన్సు చేతిలో పెడుతోంది. తిరిగి రావాలంటే ఎస్ఏపీ అనే మత్తు అలవాట్ల నిపుణుడు పరీక్షించి చెప్పిన క్లాసులో, చికిత్సో పూర్తిచేసి, 0.02 లోపు టెస్టు పాసవ్వాలి. అసలు చిక్కు ఇక్కడుంది: ఆ టెస్టుకు డ్రైవర్ తనంతట తాను వెళ్లలేడు, కంపెనీ పంపాలి. ఉద్యోగం పోయినవాణ్ని ఎవరు పంపుతారు? సొంత ట్రక్కు నడుపుకునే ఓనర్ ఆపరేటర్లయితే తాము చేరిన కన్సార్టియం, అంటే టెస్టులు చూసిపెట్టే సంస్థ, ద్వారా చేయించుకోవచ్చు. ఆ తర్వాత మొదటి 12 నెలల్లో చెప్పాపెట్టకుండా కనీసం 6 టెస్టులు. కంపెనీ మారినా ఆ టెస్టుల ప్లాన్ వెంటే వస్తుంది.

కోర్టు దారి వేరు. సెలవు రోజు సొంత కారులో డీయూఐ (తాగి బండి నడిపిన కేసు) రుజువైనా సీడీఎల్ ఏడాది పోతుంది. హజ్‌మత్ (ప్రమాదకర సరుకు) లోడుతో ట్రక్కులో దొరికితే 3 ఏళ్లు. రెండోసారి అయితే జీవితాంతం. 10 ఏళ్ల తర్వాత కొన్ని షరతులతో రాష్ట్రం దయతలిస్తే సరే. క్లాసులకు వెళ్తే కేసు రికార్డులో కనబడకుండా పోయే డైవర్షన్ ఒప్పందాలు మామూలు డ్రైవర్‌కు ఉపయోగం, సీడీఎల్ ఉన్నవాడికి కాదు. ఫెడరల్ రూలు అలా దాచడాన్ని ఒప్పుకోదు. వకీలును పెట్టుకునేటప్పుడు మొదటి మాటే 'నాకు సీడీఎల్ ఉంది' అని చెప్పాలి. కారుకు ఇంటర్‌లాక్ (ఊది పాసైతేనే ఇంజన్ స్టార్టయ్యే పరికరం) బిగించి తిరగనిచ్చినా, ట్రక్కుకు అలాంటి వెసులుబాటు లేదు.

డ్యూటీలో ఉండగా స్లీపర్‌లో (ట్రక్కులో పడుకునే చోట) సీలు తీయని బీరు డబ్బా ఉన్నా తప్పే, లోడు కాగితాల్లో ఉన్న సరుకైతే తప్ప. రోడ్డు మీద ఇన్‌స్పెక్టర్ 24 గంటలు ఆపేస్తే, ఆ సంగతి 24 గంటల్లో కంపెనీకి, 30 రోజుల్లో రాష్ట్రానికి తెలపాలి.

యాక్సిడెంటులో ఎవరైనా చనిపోతే టెస్టు తప్పదు. మనకు టికెట్ రాసి, గాయపడ్డవాళ్లను ఆస్పత్రికి తరలించినా, బండిని టో చేయాల్సి వచ్చినా అంతే. ఆల్కహాల్ టెస్టు 8 గంటల్లో, డ్రగ్ టెస్టు 32 గంటల్లో జరగాలి. ఊదడం అయ్యేదాకా, లేదా 8 గంటలు గడిచేదాకా, చేతులు వణుకుతున్నాయని ఎవరైనా ఇచ్చిన గుక్కెడు కూడా తాగకూడదు.