డ్రాయింగ్ హయ్యర్, టీటీసీ: చెంబు దగ్గర తప్పిన నా మొదటి ప్రయత్నం

డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ పరీక్ష రాయబోతున్నవాళ్ళ కోసం, 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) సమ్మర్ ట్రైనింగ్‌కి వెళ్దామనుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను రాసేటప్పుడు ఇవి చెప్పేవాళ్ళు దొరక్క ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేస్తానని పేరు. బడిలో చార్టులైనా, వీధిలో పెళ్ళి ముగ్గులైనా నన్నే పిలిచేవారు. ఆ ధైర్యంతోనే హయ్యర్‌కి కూర్చుని మోడల్ డ్రాయింగ్‌లో తప్పాను. స్టూలు మీద ఒక చెంబు, పక్కన ఒక చెక్కపెట్టె పెట్టారు. చెంబు మూతిని కోలగా చక్కగానే వేశాను. అడుగు మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నగా గీశాను. మిగిలిన టైమంతా షేడింగ్‌కే పెట్టాను.

తర్వాత మా వీధిలోని రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారికి ఆ బొమ్మ మళ్ళీ వేసి చూపించాను. ఆయన ఏమీ అనకుండా గాజు గ్లాసులో సగం వరకు నీళ్ళు పోసి నా కంటికి ఎదురుగా పట్టుకున్నారు. నీటి అంచు ఒక గీతలా కనిపించింది. గ్లాసు మెల్లగా కిందికి దించుతుంటే ఆ గీత తెరుచుకుని కోలగా అయింది, ఇంకా దించితే గుండ్రానికి దగ్గరైంది. "ఇప్పుడు చెప్పమ్మా, కంటికి కిందున్న చెంబులో మూతి ఎక్కువ వంగుతుందా, అడుగు ఎక్కువ వంగుతుందా?" అన్నారు. అడుగే. చెంబు స్టూలుకి ఆనుతుంది కాబట్టి అడుగు తిన్నగానే ఉంటుందని నేను ఊహించుకుని గీశాను. కంటి ముందున్నది అసలు చూడనే లేదు.

ఆ రోజు నుంచి నెలన్నర పాటు రోజుకొక వస్తువు వేశాను. బిందె, ఇత్తడి గ్లాసు, మూకుడు, అగ్గిపెట్టె. చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో వెడల్పు కొలిచి, ఎత్తులో అది ఎన్నిసార్లు పడుతుందో చూసుకోండి. మోచెయ్యి కొంచెం వంగినా కొలత మారిపోతుంది. నడిమి గీత ముందు వేసుకోండి. మొదటి అరగంట షేడింగ్ జోలికి వెళ్ళకండి.

జామెట్రీకి ఎక్కువ టెన్షన్ పడొద్దు. 2హెచ్‌తో సన్నటి గీతలు, హెచ్‌బీతో చివరి గీత. నిర్మాణ గీతలు చెరిపేయకండి, పద్ధతి వాటిలోనే కనిపిస్తుంది. అంతే.

డిజైన్ నాకు చాలా ఇష్టమైన పేపర్, కానీ మొదట్లో చదరం నిండా పూలు నింపేయడమే డిజైన్ అనుకునేదాన్ని. పెడనలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు కలంకారీ అద్దకం చూశాక అసలు సంగతి అర్థమైంది. అద్దేవాళ్ళ చూపంతా అచ్చు అంచు మీదే ఉంటుంది. ముందు వేసిన అచ్చు మూల దగ్గర రెండో అచ్చు మూల సరిగ్గా కలవాలి. పైగా ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. ఇంటికొచ్చాక నా డిజైన్‌ని ట్రేసింగ్ పేపర్ మీద నాలుగుసార్లు దించి పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్కటిగా అందంగా ఉన్న పువ్వు, నాలుగూ కలిసేసరికి మధ్యలో వికారమైన ఖాళీ వదిలింది. మీరూ పరీక్షకి ముందు మీ డిజైన్లన్నీ ఇలా పెట్టి చూసుకోండి. మూడు రంగులు దాటకండి.

ఆంధ్ర చిత్రకళ గురించి చదివేవాళ్ళు, దామెర్ల రామారావు 1897–1925 అని బట్టీ పట్టి ఊరుకోకండి. వీలుంటే రాజమండ్రిలో ఆయన పేరుమీదున్న గ్యాలరీకి వెళ్ళి ఆ చిత్రాల ముందు నిలబడండి. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన మనిషి అంత పని చేశాడంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఇక ట్రైనింగ్. మా బ్యాచ్‌లో టైలరింగ్ వాళ్ళూ ఉండేవారు. వాళ్ళలో ఒకామె కాజా కుట్టు చెప్పడానికి అట్టముక్క, దబ్బనం, లావు ఎర్ర ఊలు తెచ్చింది. చివరి బెంచీ వరకు ప్రతి కుట్టూ కనిపించింది. బోర్డు మీద నేను ఇరవై నిమిషాలు వేసిన అందమైన బొమ్మ కన్నా ఆ అట్టముక్క మంచి పాఠం. అప్పుడే నా లెసన్ ప్లాన్ మార్చేశాను: నేను వేసి చూపించేది ఏడు నిమిషాలు, మిగతాదంతా పిల్లలదే.

సైకాలజీలో, పిల్లలు బొమ్మలు వేసే తీరు వయసుతో ఎలా మారుతుందో లోవెన్‌ఫెల్డ్ అనే కళావిద్య నిపుణుడు చెప్పిన దశలు శ్రద్ధగా చదవండి. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు కింద ఒక నేల గీత గీసి, ఇల్లు, చెట్టు, మనిషి అన్నీ దానిమీదే నిలబెడతారు. పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి బొమ్మ అచ్చం నిజంలా ఉండాలన్న పట్టుదల వస్తుంది. అలా రాకపోతే "నాకు బొమ్మలు రావు" అని మానేస్తారు. మనం హైస్కూల్లో చెప్పబోయేది సరిగ్గా ఆ వయసు పిల్లలకే. అందుకే దీన్ని నాలుగు మార్కుల ప్రశ్నగా మాత్రం చూడకండి.

ప్రాక్టీస్ పాఠం కోసం ఎనిమిదో తరగతికి వెళ్ళినప్పుడు రెండో బెంచీలో ఒక పాప ముక్కు వేస్తూ, చెరుపుతూ, కాగితం చిరిగేదాకా చెరిపింది. తర్వాత నోట్‌బుక్ మూసేసి చేతులు కట్టుకుని కూర్చుంది. నేను ముఖం బొమ్మ పక్కన పెట్టి ఆమె వాటర్ బాటిల్ అడిగాను. గ్లాసులో నీళ్ళు పోసి ఆమె కంటి ఎత్తులో పట్టుకుని మెల్లగా దించాను. రెండుసార్లు మళ్ళీ దించమంది. పీరియడ్ అయిపోయే ముందు నోట్‌బుక్ తెచ్చి చూపించింది. గ్లాసు ఒక పక్కకి ఒరిగింది, గీతలు వణికాయి. "అడుగు ఎక్కువ వంచాను టీచర్, చూడండి" అంది.