మోడల్ నుంచి స్క్రీన్: మామిడి తూకం ఫారంతో ఒక ఉదాహరణ

చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలో కాయ దించుకునే ఫారం తీసుకుందాం. రైతు పేరు, మండలం, కాయ రకం, లోడు బరువు, ఖాళీ బండి బరువు, నికర బరువు. ఈ గడుల జాబితానే డేటా మోడల్. దాన్ని జనరేటర్‌కు, అంటే మోడల్ చూసి స్క్రీన్ కోడ్ తనే రాసిపెట్టే ప్రోగ్రాంకు, ఇస్తే ఆరు పెట్టెలు వరసగా వచ్చేస్తాయి. ఆ స్క్రీన్‌తో పని జరగదు. నికర బరువు ఎవరూ టైపు చేసేది కాదు, లోడులోంచి ఖాళీ తీసేస్తే వచ్చేది. ఖాళీ బరువేమో కాయ దించాకే తెలుస్తుంది. అన్నీ తప్పనిసరి అని పెడితే ఫారం సేవ్ కాదు. గుమాస్తా సున్నా కొట్టి ముందుకు పోతాడు, లెక్క పాడవుతుంది.

కారణం ఒకటే: డేటా మోడల్‌కు పని వరస తెలియదు. మోడల్ నుంచి స్క్రీన్లు పుట్టించే 2003 నాటి కామెలియాన్ పద్ధతి అందుకే నాలుగు మెట్లు పెట్టింది: ఒకటి, పనులూ వాటి వస్తువులూ; రెండు, ఏం అడగాలన్న నమూనా; మూడు, ఏ బటన్, ఏ జాబితా అన్న నమూనా; నాలుగు, చివర్న కోడ్. చిన్న ప్రాజెక్టుకు ఇన్ని ఫైళ్లు అక్కర్లేదు. ఏ గడిలో ఎలాంటి డేటా ఉండాలో చెప్పే జేసన్ స్కీమా, దానికి తోడు ఆ గడులు తెరపై ఎలా కనిపించాలో చెప్పే యూఐ స్కీమా చాలు. కానీ మొదటి తూకం, రెండో తూకం వేర్వేరు అడుగులని అందులో రాసి తీరాలి.

కాయ రకాలు మూడు నాలుగే అయితే రేడియో బటన్లు (ఒక్కటే ఎంచుకునే గుండ్రని గుర్తులు), మండలాలకు వెతుక్కునే జాబితా. మండలాలను స్కీమాలో ఇరికించొద్దు, విడి పట్టికలో ఉంచండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అలాంటి మార్పుకు స్క్రీన్లు మళ్లీ పుట్టించాల్సి రాకూడదు. తోతాపురిని ఇక్కడ బెంగళూరా అనీ అంటారు. డేటాలో ఆ రకానికి గుర్తుగా వాడే కోడ్ ఒకటే ఉండాలి, పైకి కనిపించే పేరు వేరుగా రాయాలి. తెలుగు లేబుళ్లకు లైన్ ఎత్తు అక్షరం సైజుకు 1.2 రెట్లు పెడితే కింది ఒత్తులు తెగిపోవచ్చు, 1.6తో మొదలుపెట్టండి.

పుట్టించిన ఫైలును మాత్రం చేత్తో ముట్టుకోవద్దు. మళ్లీ జనరేట్ చేసిన రోజున ఆ దిద్దుబాట్లన్నీ పోతాయి. సొంత కోడ్ వేరే ఫైల్లో రాసి, జనరేటర్ పుట్టించిన క్లాసును (కోడ్ ముక్కను) అక్కడ విస్తరించుకోవాలి. సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే మోడల్‌లో 'తరుగు' అని ఒక గడి చేర్చి జనరేట్ చేయండి. నికర బరువు సూత్రాన్ని ఒక్కచోట మారిస్తే స్క్రీనూ రసీదూ రెండూ మారాలి. రసీదులో పాత లెక్కే వస్తోందంటే సూత్రం ఇంకెక్కడో చేత్తో రాసి ఉందన్నమాట. రైతుకు డబ్బు తేడా వచ్చేది అక్కడే.