గమ్మునుండడం, బాగుపడడం

అనంతపురం సాయినగర్‌లో మాకు మందుల షాపుంది. మానసిక జబ్బుల చీటీలతో కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు నుంచి చాలామంది వస్తారు. పేషెంటు మాత్రం షాపు దాకా రాడు. అవ్వో, అన్నో, వదినో వస్తారు. "నాయనా, వాడు గమ్మునుండేదానికి ఇంకొంచెం పవరున్న మాత్ర ఇయ్యప్పా" అంటారు. రాత్రుళ్లు నిద్ర లేని మనుషులు, వాళ్లను తప్పు పట్టలేను. చీటీలో లేనిది ఇవ్వనూ లేను. కానీ ఆ మాట విన్నప్పుడల్లా, మానసిక రోగుల మెదడులో నరాల దారులు కోసే లోబోటమీ అనే పాత ఆపరేషన్ గుర్తొచ్చి భయమేస్తుంది.

1935 నవంబరులో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ అనే న్యూరాలజిస్టు ఈ పని మొదలుపెట్టాడు. పుర్రెకు రంధ్రాలు వేయించి, మెదడు ముందు భాగంలోకి ఆల్కహాల్ ఎక్కించాడు. ఆ తర్వాత సన్నని తీగ ఉన్న పరికరంతో అక్కడి నరాల దారులను కోయించాడు. జబ్బు ఆలోచనలు ఆ దారుల్లోనే పాతుకుపోయి ఉంటాయని, తెంపితే పోతాయని ఆయన నమ్మకం. ఆసుపత్రులు కిక్కిరిసి ఉన్న కాలం, పనికొచ్చే మందు లేని కాలం. 1949లో ఆయనకు నోబెల్ కూడా ఇచ్చారు.

అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. ఆయన సర్జన్ కాదు. 1946లో పుర్రెను తెరవకుండా చేసే పద్ధతి పట్టాడు. కరెంటు షాకుతో స్పృహ తప్పించి, పై రెప్ప ఎత్తి, కనుగుడ్డు పైనుంచి సన్నని ఇనుప చువ్వ దూర్చి, సుత్తితో కొట్టేవాడు. కంటి గూటి పైన ఎముక పలచగా ఉంటుంది, విరిగిపోతుంది. చువ్వ మెదడులోకి దిగాక అటూ ఇటూ కదిపేవాడు. తర్వాత రెండో కన్ను. పది నిమిషాల పని. అంతకుముందు కలిసి ఆపరేషన్లు చేసిన సర్జన్ జేమ్స్ వాట్స్ ఈ పద్ధతిని ఒప్పుకోలేక దూరమయ్యాడు.

కేకలు ఆగాయా, తన్నడం ఆగిందా, ఇంటికి పంపొచ్చా? ఎక్కువగా ఇవే చూసి బాగైందని రాసుకున్నారు. ఆ మనిషికి ఇష్టాలు మిగిలాయా, తనంతట తాను ఒక పని మొదలుపెట్టగలడా అన్నది వెనక్కిపోయింది. కొందరు రక్తస్రావంతో చనిపోయారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీ చెల్లెలు రోజ్‌మేరీకి 1941లో, 23 ఏళ్ల వయసులో, వాళ్ల నాన్న చేయించాడు. ఆపరేషన్ తర్వాత ఆ పిల్లకు నడక, మాట పోయాయి. 2005లో చనిపోయేదాకా ఎవరో ఒకరి సంరక్షణలోనే బతికింది.

ఇదంతా ఎక్కడో జరిగింది అనుకోవద్దు. మనవాళ్లు బస్సెక్కి పోయే బెంగళూరు మానసిక ఆసుపత్రిలోనూ 1940ల్లో ఈ ఆపరేషన్లు చేశారు.

1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ అనే మానసిక జబ్బు మందు వాడకం మొదలయ్యాక లోబోటమీ క్రమంగా తగ్గిపోయింది. ఆ మాత్ర ఇప్పటికీ మా అరలో ఉంది. మాత్రలు ఎన్నో జీవితాలను నిలబెట్టాయి, నేను రోజూ చూస్తున్నాను. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి ఒప్పుకోకుండా, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి లేకుండా మెదడు ఆపరేషన్ చేయకూడదు. గొలుసులతో కట్టేయడమూ నిషేధమే.

అయినా ఇంట్లో కొలత మారలేదు. గమ్మునుంటే బాగైనట్టే.

ఈమధ్య ధర్మవరం నుంచి ఒక నేత కుర్రాడు చీటీ పట్టుకుని తనే వచ్చాడు. "అన్నా, ఈ మాత్ర వేసుకున్నప్పటి నుంచి మగ్గం కాడ చెయ్యి వణుకుతాంది. పోగు అతికేదానికి కావడంల్యా. మాయమ్మకు చెప్తే, గలాటా లేకుండా ఉండావు కదా చాలు అంటాంది." ఎప్పుడు వేసుకుంటాడో, వణుకు ఎప్పుడు ఎక్కువో అడిగి చీటీ వెనక రాసిచ్చాను. మాత్ర మానొద్దు, ఇది డాక్టరుకు చూపించు అన్నాను. డాక్టరు డోసు తగ్గించి, వణుకుకు వేరే మాత్ర రాశారు.

ఇప్పుడు చీటీ తెచ్చిన ప్రతివాళ్లనూ అడుగుతున్నాను: "మాత్ర వేసుకున్నాక ఎట్లుందని వాడేమంటున్నాడు?" చాలామంది అడిగి ఉండరు. ఇంటికి పోయి అడగండి, ఈసారి డాక్టరు దగ్గరికి వాణ్ణీ తీసుకుపోండి అంటాను. పోలేనివాళ్లకు మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే టెలి మానస్ 14416 నంబరు రాసిస్తాను. ప్రభుత్వానిది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.