గురుకులంలో ఐదో తరగతి సీటు: పరీక్షకు ముందే జరిగే ఎంపిక

జనవరి వచ్చిందంటే హైదరాబాద్‌లోని మా బస్తీలో నాలుగో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఒకటే మాట నడుస్తుంది: గురుకులంలో సీటు రావాలంటే ఎన్ని మార్కులు తెచ్చుకోవాలి? దరఖాస్తు నింపించుకోవడానికి నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది కూర్చోకముందే అడిగేది ఇదే. దీనికి ఒక్క అంకెలో జవాబు చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మవద్దని నేను చెబుతాను. ప్రవేశం పరీక్షతో ముడిపడి ఉన్న మాట నిజమే కానీ, ఆ పరీక్షకు ముందే దరఖాస్తు పిల్లలను వేర్వేరు వరుసలుగా విడదీస్తుంది. ఎవరు ఏ వరుసలో ముందు నిలుస్తారన్నది మాత్రమే ఆ తర్వాత పరీక్ష తేలుస్తుంది.

పరీక్ష సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. వంద మార్కులు, రెండు గంటలు, ఓఎంఆర్ షీటు. తెలుగుకు 20, ఇంగ్లీషుకు 25, లెక్కలకు 25, పరిసరాల విజ్ఞానానికి 20, మెంటల్ ఎబిలిటీకి 10 మార్కులు ఉంటాయి. ప్రశ్నలు నాలుగో తరగతి స్థాయిలోనే, తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ ఉంటాయి. ప్రభుత్వ బడిలో శ్రద్ధగా చదివే పిల్లలకు ఇందులో భయపడవలసింది పెద్దగా లేదు; తొమ్మిదేళ్ల పిల్లలకు కొత్తగా అనిపించేది ఆ షీటు మీద వృత్తాలు దిద్దడం ఒక్కటే. దానికి నెలల తరబడి కోచింగ్ సెంటరులో డబ్బు పోయవలసిన అవసరం లేదని, ఇంట్లోనే కాగితం మీద వృత్తాలు గీసి సాధన చేయిస్తే చాలని నా అభిప్రాయం.

అసలు చిక్కు సీట్ల అమరికలో ఉంది. ఈ ఒక్క పరీక్షతో నాలుగు సొసైటీల, అంటే గురుకులాలను నడిపే నాలుగు ప్రభుత్వ సంస్థల, బడుల్లో సీట్లు నింపుతారు: సాంఘిక సంక్షేమ గురుకులాలు, గిరిజన సంక్షేమ గురుకులాలు, మహాత్మా జ్యోతిబా ఫూలే పేరున ఉన్న బీసీ గురుకులాలు, వీటన్నింటికన్నా ముందు పుట్టిన సాధారణ గురుకులాలు. మైనారిటీ గురుకులాల ప్రవేశాలు వీటిలో కలవవు, అవి విడిగా జరుగుతాయి. ఏ సొసైటీలోనైనా సింహభాగం సీట్లు అది ఏ వర్గం కోసం ఏర్పడిందో ఆ వర్గానికే ఉంటాయి. మిగిలిన కొద్ది సీట్లు ఇతర వర్గాలకు, దివ్యాంగులకు, అనాథలకు కోటాలుగా పంచబడతాయి. ఆపైన బాలురకు, బాలికలకు బడులు వేరు. ఎంపికకు ఉమ్మడి జిల్లాను యూనిట్‌గా తీసుకుంటారు. బీసీలలో బీసీ-ఏ నుంచి బీసీ-ఈ వరకు ఉపవర్గాలు ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో ఎస్సీ వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చి ఎస్సీలు కూడా మూడు గ్రూపులయ్యారు. ఇలా సొసైటీ, వర్గం, బాలురా బాలికలా, జిల్లా, తల్లిదండ్రులు కోరుకున్న బడి అన్నీ కలిసి ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క వరుసను నిర్ణయిస్తాయి. ప్రతి వరుసకూ కటాఫ్ వేరు. ఒకే బడిలో, ఒకే బెంచీ మీద కూర్చొని చదివిన ఇద్దరు అమ్మాయిల్లో తక్కువ మార్కులు వచ్చిన అమ్మాయికి సీటు వచ్చి, ఎక్కువ వచ్చిన అమ్మాయికి రాకపోవడంలో మోసమేమీ ఉండనక్కరలేదు. ఇది ముందుగా తెలియకపోవడం వల్లనే ఫలితాలు వచ్చిన రోజున ఇరుగుపొరుగుల మధ్య లేనిపోని అనుమానాలు పుడతాయి, ఎవరో ఎవరికో డబ్బులిచ్చారన్న మాటలు పుడతాయి, మరుసటి ఏడాదికి ఆ మాటలే దళారులకు పెట్టుబడి అవుతాయి.

అందుకే దరఖాస్తులో కోరుకునే బడుల పేర్లు వరుసగా రాసే ఆప్షన్ల దగ్గర నేను ఎక్కువ సమయం తీసుకుంటాను. ఐదో తరగతిలో సాధారణంగా ఒక్కో బడికి రెండు సెక్షన్లు, 80 సీట్లు. పేరున్న బడి పేరు మాత్రమే రాసి మిగతా గడులు ఖాళీగా వదిలేసే తల్లిదండ్రులు ఆ 80లో తమ వర్గానికి వచ్చే సీట్లెన్నో లెక్క వేసుకోరు. నగరంలోని చాలా గురుకులాలు అద్దె భవనాల్లో నడుస్తున్నాయి, ఆటస్థలం ఉండదు. ఊళ్లలో సొంత భవనం, విశాలమైన ఆవరణ ఉన్న బడులు ఉన్నా దూరమని వద్దంటారు. బిడ్డను చూసి రావడానికి బస్సు చార్జీలు, ఒక రోజు కూలీ పోతాయన్న వారి లెక్కను నేను కొట్టిపారేయలేను. అయినా దగ్గర అన్న ఒక్క కారణంతో బడిని ఎంచుకోవద్దని, వీలైతే సెలవు రోజున వెళ్లి మరుగుదొడ్లు, నీళ్లు, పడుకునే గదులు చూసి రమ్మని చెబుతాను. గౌలిదొడ్డి గురుకులం పేరు విని, తమ బిడ్డకు ఐదో తరగతిలోనే అక్కడి ప్రతిభా కేంద్రంలో సీటు కావాలని వచ్చేవారూ ఉన్నారు. అలాంటి కేంద్రాల్లో తొమ్మిదో తరగతి ప్రవేశానికి వేరే పరీక్ష ఉంటుందని, అప్పటివరకు బిడ్డను చదివించుకోవడమే దారి అని వారికి చెప్పవలసి వస్తుంది.

ఇక పత్రాలు. దరఖాస్తు రుసుము వంద రూపాయలే కానీ, దాని వెనక ఉండవలసిన కాగితాలకు పోయే రోజులే ఎక్కువ ఖరీదు. వయసు పరిమితి ఓసీ, బీసీ పిల్లలకు 9 నుంచి 11 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 13 ఏళ్ల వరకు సడలింపు ఉంది. మా బస్తీలో ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని పడిన పిల్లలు ఎందరో ఉన్నారు. నమోదు చేసేవారు ఏదో ఒక తేదీ వేసి పంపించారు. ఆ తేదీ బడి రికార్డుతోనూ, జనన ధ్రువీకరణ పత్రంతోనూ సరిపోదు. పాలమూరు నుంచి కూలికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలకు కుల ధ్రువీకరణ పత్రం మరో చిక్కు: ఉంటున్న చోట అడిగితే సొంత మండలానికి వెళ్లి తెచ్చుకోమంటారు. నోటిఫికేషన్ వచ్చాక వీటికోసం మీసేవ చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది. దసరా సెలవుల్లోనే మొదలుపెట్టడం మంచిది.

అన్నింటికన్నా నన్ను బాధపెట్టేది ఆదాయ పరిమితి. గ్రామాల్లో ఏడాదికి లక్షా యాభై వేలు, పట్టణాల్లో రెండు లక్షలు. రెండు లక్షలంటే నెలకు పదహారు వేల ఏడు వందలకు లోపే. అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా తండ్రికి 12,000, నాలుగిళ్లలో పనిచేసే తల్లికి 6,000 వస్తున్నాయనుకుంటే ఏడాదికి 2,16,000 అవుతుంది. కాగితం మీద వారు అనర్హులు. ఆ డబ్బులో గది అద్దె ఎంత, కరెంటు ఎంత అన్నది ఏ ఫారమూ అడగదు. ఇద్దరూ పనిచేయడమే నేరమైనట్టు తల్లి సంపాదనను దాచిపెట్టి రాయమని అడిగే కుటుంబాలను చూస్తే కోపం రాదు, కానీ నేను అలా రాయను; రేపు తనిఖీలో పట్టుబడితే పోయేది బిడ్డ సీటే. ఏళ్లుగా కదలని ఈ పరిమితిని నగరపు జీతాలకు తగినట్టు సవరించవలసింది ప్రభుత్వమే.

ఈ వ్యవస్థ మొదలైన తీరుకూ ఇప్పటి తీరుకూ చాలా దూరం ఉంది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నాటి నల్గొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం తాడికొండ, కొడిగెనహళ్లి బడులు వచ్చాయి. ప్రతిభ ఉన్న గ్రామీణ పిల్లలను ఏరి తెచ్చి ఉత్తమ విద్య అందించడం ఆనాటి ఉద్దేశం. తెలంగాణ ఏర్పడ్డాక బడుల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. 2017లో బీసీ గురుకులాలే 119 కొత్తగా తెరిచారు. సీట్లు ఇన్ని పెరిగాక కూడా ప్రవేశానికి పరీక్ష ఉంచడం సరైనదేనా అని నాకు సందేహం. వెనకబడిన పిల్లవాడికే వసతి, మంచి భోజనం, చదువు ఎక్కువ అవసరం కదా.

నవోదయ గురించి అడిగేవారికి ఒక మాట. అది కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ, పి.వి. కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్న కాలంలోనే మొదలైంది. పరీక్ష రాసేది ఐదో తరగతిలో, చేరేది ఆరో తరగతిలో. ఆ జిల్లాలో నివసిస్తూ అక్కడే ఐదో తరగతి చదివే పిల్లలకే అర్హత, కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకు, పరీక్షకు ఒక్కటే అవకాశం. నగరపు పిల్లలకు మిగిలే దారి సన్నం కనుక, దాని మీదే ఆశ పెట్టుకొని గురుకులం దరఖాస్తు మానుకోవద్దు.

ఫలితాల తర్వాత కేటాయింపు విడతలుగా జరుగుతుంది. మొదటి విడతలో పేరు లేకపోతే అంతా అయిపోయినట్టు కాదు. వచ్చినవారిలో కొందరు చేరరు, ఆ సీట్లు తర్వాతి విడతకు వస్తాయి. ఆరు నుంచి తొమ్మిది తరగతుల్లో మిగిలిన బ్యాక్‌లాగ్ ఖాళీలకు కూడా పరీక్ష ఉంటుంది. సీటు వచ్చినవారు మాత్రం చెప్పిన గడువులోగా పత్రాలతో వెళ్లి రిపోర్టు చేయాలి, లేకుంటే సీటు పోతుంది. ప్రైవేటు బడిలో చదివిన పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే: ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వరు. ఆ మాట పరీక్ష రాసిన నెలలోనే బడివారితో మాట్లాడి, బాకీ ఎంతో కాగితం మీద రాయించుకొని, విడతలుగా కట్టే ఏర్పాటు చేసుకోవాలి.