బ్రన్సన్‌ను ఉంచుకోవాలా వద్దా: ఒక ఎక్సెల్ షీటుతో నా అనుభవం

2022 ఏప్రిల్ 18, సోమవారం. మర్నాడు ఆఫీసుందని తెలిసి కూడా ఇర్వింగ్‌లో ఆరెంజ్ లైన్ రైలెక్కి డాలస్ వెళ్లాం, నేనూ మావాడూ. వాడికి అప్పుడు పదమూడేళ్లు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మా డాలస్ మావెరిక్స్‌కీ యూటా జాజ్‌కీ ప్లేఆఫ్స్‌లో రెండో మ్యాచ్. మా సీట్లు మూడొందల నంబర్లలో, దాదాపు కప్పుకింద. అక్కణ్ణుంచి చూస్తే కోర్టు క్యారమ్ బోర్డంత ఉంటుంది. మా టీము స్టార్ లూకా డాంచిచ్ పిక్క కండరం పట్టేసి మామూలు బట్టల్లో కూర్చున్నాడు. తొలి మ్యాచ్ అప్పటికే పోయింది. లూకా లేకుండా ఈ టీము గెలుస్తుందని నేనైతే అనుకోలేదు. టికెట్లు ముందే కొనేశాం కాబట్టి వెళ్లామంతే.

ఆ రాత్రి మా పాయింట్ గార్డు (బంతి పట్టుకుని ఆట నడిపేవాడు) జేలెన్ బ్రన్సన్ 41 పాయింట్లు కొట్టాడు. ఒక్కసారి కూడా బంతి పోగొట్టుకోలేదు. నాకు గుర్తున్నది స్కోరు కంటే అతని కాళ్లు. పెద్ద వేగమేమీ కాదు. లోపలికి దూసుకెళ్లి, ఠక్కున ఆగి, ఒంటికాలి మీద ఇటు తిరిగి, అటు తిరిగి, తనకంటే జానెడు పొడుగున్నవాడు గాల్లోకి ఎగిరి కిందికొచ్చేదాకా ఆగి, అప్పుడు తీరిగ్గా వేస్తాడు. మావాళ్లు 110-104తో గెలిచారు.

తిరుగు రైల్లో మావాడు అడిగాడు: "నాన్నా, వీడి కాంట్రాక్టు ఈ జూన్‌తో అయిపోతుంది. ఉంచుకుంటారా?"

నేను ఫోన్ చూసుకుంటూ, "లూకా ఉన్నాడుగా, ఇంకో పాయింట్ గార్డుకి అంత డబ్బెందుకురా?" అన్నాను. బాక్‌మన్ స్టేషన్ దాటేదాకా వాడు నాతో మాట్లాడలేదు.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను చేసేది కంపెనీకి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల కాంట్రాక్టుల రెన్యువల్. ఏది కొనసాగించాలి, ఏది వదిలేయాలి, ఎంతకి. పదకొండేళ్లుగా ఇదే పని. అలాంటివాణ్ణి, ఒక్క లెక్కా చూడకుండా, రైల్లో కూర్చుని తీర్పు చెప్పేశాను. ఆఫీసులో ఎవరైనా నాతో అలా మాట్లాడితే ముందు షీటు చూపించు అంటాను. అందుకే ఆ శనివారం నేనే షీటు తెరిచాను.

తెరిచాక తెలిసింది, నాకు ఏమీ తెలియదని. నేను గుంటూరువాణ్ణి. నాకు తెలిసిన టీముల లెక్క ఐపీఎల్ లెక్క. ఫ్రాంచైజీకి ఒక పర్సుంటుంది, అది అయిపోతే కథ అయిపోయింది. ఒకణ్ణి వదిలేస్తే ఆ డబ్బు పర్సులో మిగులుతుంది, దాంతో ఇంకొకణ్ణి కొనుక్కోవచ్చు. ఎన్‌బీఏలో శాలరీ క్యాప్ (టీము జీతాల మొత్తానికి లీగ్ గీసే గీత) అన్నమాట వినగానే ఇదీ అదే అనుకున్నాను.

ఒక వరసలో ఆటగాళ్ల పేర్లు, పక్కన 2022-23కి వాళ్ల జీతాలు రాసుకుంటూ పోయాను. లూకా కొత్త కాంట్రాక్టు ఆ ఏడాదే మొదలు: 3.71 కోట్ల డాలర్లు. టిమ్ హార్డవే జూనియర్, డిన్‌విడీ, బెర్టాన్స్, ఫినీ-స్మిత్, బుల్లాక్, పావెల్, క్లీబర్. జూన్ మధ్యలో హ్యూస్టన్ నుంచి తెచ్చుకున్న క్రిస్టియన్ వుడ్‌ని తర్వాత కలిపాను. బ్రన్సన్ లేకుండానే ఈ తొమ్మిది మంది జీతాలు పద్నాలుగున్నర కోట్లు దాటాయి. ఆ ఏడాది క్యాప్ 12.36 కోట్లు. అంటే అతను ఉన్నా లేకపోయినా టీము గీత దాటే ఉంది.

నా తప్పు ఆ కింది గడిలో జరిగింది. బ్రన్సన్‌ని వదిలేస్తే ఏడాదికి రెండున్నర కోట్లు మిగులుతాయని రాసి, "మిగులు" అని ఆకుపచ్చ రంగు వేశాను. దాంతో ఏ సెంటర్ని (బుట్ట దగ్గర ఆడే పొడుగువాణ్ణి) తెచ్చుకోవచ్చో వెతుకుతున్నాను కూడా. మావాడు సీరియల్ గిన్నె పట్టుకుని వెనక నిలబడి చూశాడు. చెంచా నోట్లోంచి తీసి, "ఆ డబ్బు లేదు నాన్నా" అన్నాడు.

"లేదంటే?"

"బ్రన్సన్‌కి ఇస్తేనే ఉంటుంది. ఇంకెవరికీ ఇవ్వలేం."

అరగంట వాదించాను. చివరికి వాడిదే రైటు. ఎన్‌బీఏలో క్యాప్ అనేది ఐపీఎల్ పర్సులా కటిక గీత కాదు. మూడేళ్లు మీ దగ్గరే ఉన్న ఆటగాడికి, మీరు క్యాప్ దాటి ఉన్నా సరే, గరిష్ఠ జీతం దాకా ఇచ్చి ఉంచుకోవచ్చు. లారీ బర్డ్ పేరు మీద దాన్ని బర్డ్ రైట్స్ అంటారు. బయటివాణ్ణి తేవాలంటే మాత్రం క్యాప్‌లో ఖాళీ ఉండాలి, లేదా కొన్ని చిన్న మినహాయింపులతో సరిపెట్టుకోవాలి. మావెరిక్స్ ఉన్న స్థితిలో ఆ మినహాయింపు విలువ సుమారు 65 లక్షల డాలర్లు. ఇంట్లోవాడికి ఎంతైనా వడ్డించవచ్చు, వీధిలోంచి పిలిచినవాడికి మాత్రం గరిటెడే. బ్రన్సన్ వెళ్లిపోతే రెండున్నర కోట్లు మిగలవు, ఆవిరవుతాయి.

ఆకుపచ్చ రంగు తీసేశాను. "ఈ మనిషి ఈ డబ్బుకి తగునా?" అని నేనన్నాళ్లూ అడుగుతున్న ప్రశ్న కూడా ఆ రంగుతోపాటే పోయింది. అతను పోతే మన చేతిలో మిగిలేది ఏమిటన్నదే అసలు ప్రశ్న. ఆఫీసులో రోజూ అడిగే ప్రశ్నే అది, ఇంట్లో తట్టలేదు.

బ్రన్సన్‌ని వదిలేయాలన్న వాదనలో బలం లేదని కాదు. అతని స్థానంలో ఆడటానికి డిన్‌విడీ ఉన్నాడు. మార్చిలో బోస్టన్ మీదా, బ్రూక్లిన్ మీదా చివరి క్షణాల్లో బంతి వేసి వరసగా రెండు మ్యాచ్‌లు గెలిపించినవాడు. బ్రన్సన్ ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, డిఫెన్స్‌లో ప్రత్యర్థులు వెతుక్కుంటూ అతని మీదికే వస్తారు. ఇక పన్ను. జీతాలు క్యాప్ కంటే మరీ పైకి పోతే టీము లీగ్‌కి కట్టేది లగ్జరీ ట్యాక్స్; ఆ ఏడాది దాని గీత 15.02 కోట్లు. అప్పట్లో దాటిన తొలి 50 లక్షలకి డాలరుకి డాలరున్నర చొప్పున కట్టాల్సి వచ్చేది, తర్వాతి 50 లక్షలకి 1.75, ఆపైన 2.50, ఆపైన 3.25. గీత మీద రెండు కోట్లు దాటారంటే పన్నే నాలుగున్నర కోట్లు. ఈ ఫార్ములా గడిలో పెట్టి ఎంటర్ నొక్కినప్పుడు కాసేపు నేను అప్పటి యజమాని మార్క్ క్యూబన్ పక్షానికి వెళ్లిపోయాను. మావాడు మాత్రం, "అది ఆయన డబ్బు కదా, నీకెందుకు బాధ?" అన్నాడు. నిజమే.

అసలు నన్ను కుదురుగా ఉండనివ్వనిది పన్ను కాదు, తేదీ. బ్రన్సన్ 2018 డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) 33వ వాడు, అంటే రెండో రౌండు. నాలుగేళ్లకి కలిపి అరవై లక్షల డాలర్ల పైచిలుకు కాంట్రాక్టు. ఎన్‌బీఏ లెక్కలో అది చిల్లర. అంత తక్కువ జీతం మీద ఉన్నవాడికి మధ్యలో ఇవ్వగలిగే ఎక్స్‌టెన్షన్‌కి (కాంట్రాక్టు పొడిగింపుకి) కూడా పరిమితి ఉంటుంది: అప్పట్లో నాలుగేళ్లకి 5.56 కోట్లు. సీజన్ మొదలవక ముందే ఆ కాగితం పెట్టి ఉంటే సంతకం పెట్టేవాడని అతని తండ్రి తర్వాత చెప్పాడు. తండ్రి జోక్యంతోనే వ్యవహారం చెడిందని క్యూబన్ అన్నాడు. ఎవరి మాట వారిది. సంతకం అయితే కాలేదు, అంతవరకూ ఖాయం.

ఇంకో మెలిక ఉంది. మూడేళ్ల కాంట్రాక్టు రాసుకుని ఉంటే అతను రెస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అయ్యేవాడు. అంటే బయటివాళ్లు ఎంతకి పిలిచినా అదే ధర ఇచ్చి పాత టీము అట్టేపెట్టుకోవచ్చు. ఐపీఎల్ వేలంలో రైట్ టు మ్యాచ్ కార్డులాంటిది. నాలుగేళ్లు రాసుకోవడంతో కార్డు పోయింది. ఒక ఏడాది చవగ్గా ఆడించుకున్నందుకు కట్టిన ధర అది.

మా ఆఫీసులో ఇలాంటిదే ఒకటి జరిగింది. చిన్న టెస్టింగ్ టూలు, చిన్న కంపెనీ. గడువుకి ఆర్నెల్ల ముందే వాళ్లు వచ్చి కాస్త పెంచి మూడేళ్లకి రాసుకుందామన్నారు. చూద్దాంలే, తొందరేముంది అన్నారు మా పైవాళ్లు. ఈలోగా ఆ టూలు లేకపోతే మా నాలుగు టీముల పని ఆగిపోయే స్థితి వచ్చింది. అది వాళ్లకీ తెలిసిపోయింది. చివరి వారంలో వాళ్లు చెప్పిన ధర విని మా మేనేజర్ నా వైపు చూశాడు, తప్పు నాదన్నట్టు.

మే 26న గోల్డెన్ స్టేట్ చేతిలో 4-1తో మా సీజన్ ముగిసింది. యూటానీ, ఏడో మ్యాచ్‌లో 123-90తో ఫీనిక్స్‌నీ ఇంటికి పంపి అంతదాకా వచ్చాం, దిగులేం లేదు. మూడు రోజుల తర్వాత, ఆదివారం పొద్దున ఇడ్లీలు తింటూ ఐపీఎల్ ఫైనల్ పెట్టాను. గుజరాత్ టైటన్స్ తొలి ఏడాదే కప్పు కొట్టింది. ఆ జట్టులో రషీద్ ఖాన్. అంతకుముందు ఐదు సీజన్లు మా సన్‌రైజర్స్ హైదరాబాద్‌లో బంతి తిప్పినవాడు. మావాళ్లు అట్టేపెట్టుకోలేదు, గుజరాత్ 15 కోట్ల రూపాయలకి తీసుకుంది. ఆ ఏడాది సన్‌రైజర్స్ ఎనిమిదో స్థానం. ఇడ్లీ గొంతు దిగలేదు. "చూశావా" అన్నాడు మావాడు. క్రికెట్ చూడనివాడు కూడా ఆ ఒక్కటి పట్టేశాడు.

జూన్ మొదట్లో న్యూజెర్సీ ఎడిసన్ నుంచి మా బామ్మర్ది ఫోను. వాడు న్యూయార్క్ నిక్స్ మనిషి. "బావా, వార్త చూశావా? రిక్ బ్రన్సన్‌ని మావాళ్లు అసిస్టెంట్ కోచ్‌గా పెట్టుకున్నారు. తండ్రికి ఉద్యోగం ఇచ్చాం, కొడుకు రాడా?" పైగా బ్రన్సన్ పుట్టింది న్యూ బ్రన్‌స్విక్‌లో, ఎడిసన్‌కి పక్కూరు. "మా ఊరివాడే, మేం పిలిస్తే తప్పేంటి?" అని ఎకసెక్కెం. తండ్రి ఒకప్పుడు నిక్స్‌కి ఆడినవాడు. నిక్స్ ప్రెసిడెంట్ లియోన్ రోజ్ ఏజెంటుగా ఉన్నప్పుడు తొలి క్లయింటు ఈ రిక్ బ్రన్సనే. పెళ్లిచూపుల్లో కూర్చున్న రెండు కుటుంబాలూ ముప్ఫై ఏళ్ల స్నేహితులని తెలిశాక ఇంకో సంబంధం వాళ్లు కాఫీ తాగి లేచిపోవడమే.

ఆ రోజు నా షీటులో ఒక గడి తక్కువైందని తెలిసింది. డాలస్ ఐదేళ్లు ఇవ్వగలదు, న్యూయార్క్ నాలుగే. ఏటా పెంపు డాలస్‌లో ఎనిమిది శాతం దాకా, బయట ఐదు. అన్నీ మనవైపే అని రాసుకున్నాను. అతనికి ఉండాలని ఉందా అన్నది ఎక్కడా రాయలేదు. హక్కు మనకుంది కానీ, అతను ఒప్పుకుంటేనే అది పనికొచ్చేది.

జూన్ నెలాఖర్లో నిక్స్ వరసగా జీతాలు దించుకుంది. కెంబా వాకర్, అలెక్ బర్క్స్, నర్లెన్స్ నోయెల్, ముగ్గుర్నీ డెట్రాయిట్‌కి పంపి క్యాప్‌లో ఖాళీ చేసుకుంది. ఆఫీసులో ఒక పాతకాపు డాలస్ మనిషి నా దగ్గరికొచ్చి, "నాష్ గుర్తున్నాడా?" అన్నాడు. 2004లో స్టీవ్ నాష్ వయసూ, వెన్నూ చూసి ఫీనిక్స్ ఇచ్చినంత ఇవ్వకుండా వదిలేశారు. వెళ్లినవాడు 2005లో, 2006లో వరసగా ఎంవీపీ, అంటే లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు. అదే యజమాని, అదే స్థానం. ఆ పాతకాపుకి ఆ గాయం పద్దెనిమిదేళ్లయినా పచ్చిగానే ఉంది.

జూన్ 30 సాయంత్రం మా టైం ప్రకారం ఐదింటికి ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టు అయిపోయినవాళ్లు ఏ టీముతోనైనా బేరమాడుకునే కాలం, మొదలు. అప్పటికే ఆశలేదు. బ్రన్సన్‌కి నాలుగేళ్లకి 10.4 కోట్ల డాలర్లు, న్యూయార్క్. గడువు ముందే బేరాలాడారని ఎన్‌బీఏ విచారించి డిసెంబర్‌లో నిక్స్ దగ్గర ఒక రెండో రౌండు పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) లాక్కుంది. బామ్మర్ది, "ఇంకో రెండు తీసుకోమను" అన్నాడు. మా దగ్గరున్న ఆ గరిటెడు మినహాయింపుతో వచ్చింది జవేల్ మెక్‌గీ. ముప్ఫై నాలుగేళ్ల సెంటర్. ఏడాది తర్వాత అతన్నీ వదిలేశారు.

ఆ సీజన్ 38 గెలుపులు, 44 ఓటములు. ప్లేఆఫ్స్ కూడా లేవు. మధ్యలో, ఫిబ్రవరిలో, కైరీ ఇర్వింగ్‌ని బ్రూక్లిన్ నుంచి తెచ్చారు. దానికి ఇచ్చింది డిన్‌విడీనీ (అవును, "ఉన్నాడుగా" అని నేను చెప్పిన డిన్‌విడీనే), ఫినీ-స్మిత్‌నీ, 2029 మొదటి రౌండు పిక్‌నీ. బ్రన్సన్‌కి జీతం ఒక్కటి ఇస్తే సరిపోయేది. ఆ ఖాళీ పూడ్చడానికి మనుషుల్నీ, రాబోయే ఏళ్లనీ ఇవ్వాల్సి వచ్చింది. అటు అతను న్యూయార్క్‌లో రెండో ఏడాది మ్యాచ్‌కి సగటున 28.7 పాయింట్లు కొట్టాడు. అంత పైకి పోతాడని నేనైతే అనుకోలేదు, మావాడు అనుకున్నానంటాడు.

కైరీ కాంట్రాక్టు 2023 జూన్‌తో అయిపోయేది. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి పాయింట్ గార్డుకి ముప్ఫై ఒకటేళ్లు, గాయాల చరిత్ర ఉంది, ఎప్పుడు ఏమంటాడో తెలియదు. ఆఫీసులో అందరూ "ఇంత డబ్బుకి తగునా?" దగ్గరే ఉన్నారు. మే నెలలో ఒకరోజు మావాడు నా లాప్‌టాప్ లాక్కుని పాత షీటు తెరిచాడు. ట్రేడ్‌లో వచ్చినవాడితోపాటు బర్డ్ రైట్స్ కూడా వస్తాయట, అది వాడు అప్పటికే చదివేశాడు. "బ్రన్సన్" అని ఉన్న గడి చెరిపి "కైరీ" అని కొట్టాడు. కింద, అతనికి ఉండాలని ఉందా అని రాసుకోవడానికి ఒక ఖాళీ గడి చేర్చాడు. మిగతా లెక్క ఏదీ మార్చాల్సిన పని పడలేదు.