సెలవులన్నీ తెనాలిలోనే: పిల్లలతో బయల్దేరే ముందు

అమెరికా నుంచి రెండు మూడు వారాలకని ఇండియా వెళ్తే పిల్లలు చుట్టాల్లాగే ఉండి వచ్చేస్తారు. ఎవరింటికెళ్ళినా చేతిలో ఒక చాక్లెట్, కొత్త బట్టలు, నాలుగు ఫోటోలు, మళ్ళీ కారెక్కడం. సెలవులు మొత్తం ఉండాలని వెళ్ళినప్పుడు అలా సాగదు. పనమ్మాయి రాని రోజొకటి వస్తుంది, మధ్యాహ్నం కరెంటు పోతుంది, అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువవుతాయి, ఆ రోజు కూడా పిల్లలు ఆ ఇంటి పిల్లల్లా గడపగలగాలి. ఈసారి నేను చేస్తున్న ఏర్పాట్లన్నీ ఆ మామూలు రోజుల కోసమే. పెళ్ళిళ్ళూ పండగలూ అయితే చూసుకోవడానికి ఇంటి నిండా మనుషులుంటారు.

మేముండేది డాలస్ పక్కన. పాపకి ఆరేళ్ళు, బాబుకి జూలైలో రెండు నిండుతాయి. మే చివర్లో స్కూలు అయిపోగానే నేనూ పిల్లలూ బయల్దేరతాం, మా ఆయన చివర్లో వచ్చి కలుస్తారు. ఎక్కువ రోజులు తెనాలిలో మా అమ్మావాళ్ళింట్లో, కొన్నాళ్ళు ఖమ్మంలో మా అత్తగారింట్లో.

తేదీల దగ్గరే మొదటి చిక్కు. మే నెలాఖరంటే రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండలు. మా అమ్మ అయితే "మృగశిర వచ్చాక రండే, నాలుగు చినుకులు పడ్డాక పిల్లలకి హాయిగా ఉంటుంది" అని ఉగాది నుంచీ చెబుతోంది. మాట సబబే. కానీ అక్కడ బడులు జూన్ 12న తెరుస్తారు, అంటే ఇక్కడి సెలవులు మొదలయ్యేసరికి అక్కడివి అయిపోవస్తాయి. మృగశిర దాకా ఆగితే మా అక్క పిల్లలతో ఆడుకోవడానికి వీళ్ళకి మూడో నాలుగో రోజులు మిగులుతాయి. అందుకని ఎండకి ఒప్పుకున్నాం. పొద్దున తొమ్మిది దాటాక, సాయంత్రం ఐదున్నర లోపు గడప దాటేది లేదు, మధ్యాహ్నం పిల్లలందరూ ఏసీ ఉన్న ఒక్క గదిలో చాపలేసుకుని అష్టాచెమ్మా ఆడతారో కొట్టుకుంటారో వాళ్ళిష్టం. పిన్ని పిల్లలూ పెద్దమ్మ పిల్లలూ కలిసి ఉన్న ఆ రెండు వారాల్లో వచ్చే చనువు, తర్వాత ఎన్ని వీడియో కాల్స్ చేసినా రాదని నా నమ్మకం.

అసలు సమస్య జూన్ 12 తర్వాత మొదలవుతుంది. పొద్దున ఎనిమిదికల్లా పిల్లలంతా బడికి, పెద్దలు పనులకి వెళ్ళిపోతారు. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య, టీవీ, ఫోన్ మిగులుతాయి. ఎక్కువ రోజులుండే ప్రయాణాల్లో చాలామంది పిల్లలు విసిగిపోయేది ఇక్కడేననుకుంటాను. "ఇంటికి ఎప్పుడెళ్దాం" అనే ప్రశ్న ఆ ఖాళీ పొద్దుల్లోనే పుడుతుంది. అందుకని వెళ్ళకముందే రోజుకి ఒక్క పని చొప్పున అనుకున్నాం. తాతయ్యతో రైతు బజారుకి పాప వెళ్తుంది, సంచి తనే పట్టుకుంటుంది, కూరగాయల పేర్లు తాతయ్య చెబుతారు. మా వీధిలో ఒక టీచర్‌గారు ఇంట్లోనే సంగీతం చెబుతారు, వారానికి మూడు రోజులు పాపని కూర్చోబెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. సాయంత్రం అక్క పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి ఎదురెళ్ళడం. ఇంతకంటే ఎక్కువ పెట్టలేదు, పెట్టకూడదు కూడా. వానాకాలం మధ్యాహ్నం అరుగు మీద ఊరికే కూర్చోవడానికి కూడా టైముండాలి కదా.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను, చాలామందికి తెలిసినదే. 16 ఏళ్ళలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్ళకే అయిపోతుంది, కొత్తదానికి తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళాలి, ఒకరు రాలేకపోతే డీఎస్-3053 అనే అనుమతి ఫారం నోటరీ చేయించి పంపాలి. ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) ఉన్న పిల్లలకి పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ కొత్త కార్డు తీసుకునే గొడవ 2021లో పోయింది, కొత్త పాస్‌పోర్టూ కొత్త ఫోటో మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేస్తే చాలు, ఫీజు లేదు. ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవారి అనుమతి ఉత్తరం నోటరీ చేయించి దగ్గర పెట్టుకోండి, ఎవరూ అడగకపోయినా సరే. టికెట్ల దగ్గర ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. రెండేళ్ళలోపు బిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెళ్ళొచ్చు గానీ, ప్రయాణం మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి వేరే సీటు కొనాలి. మా బాబుది సరిగ్గా అదే పరిస్థితి. ఇది బుకింగ్ అప్పుడే చెప్పి చేయించుకుంటే ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఉండదు.

ఇక ఆరోగ్యం, దీని దగ్గర కాసేపు ఆగుతాను. కనీసం రెండు నెలల ముందు పిల్లల డాక్టర్‌ని కలవాలి, వీలైతే ట్రావెల్ క్లినిక్‌కి కూడా వెళ్ళాలి. నెలా అంతకుమించి ఉండేవాళ్ళ విషయంలో మామూలు టీకాలతో పాటు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (దోమల వల్ల వచ్చే మెదడువాపు), రేబిస్ టీకాల గురించి కూడా మాట్లాడతారు, వాటిలో కొన్నిటికి డోసుల మధ్య ఎడం కావాలి. టైఫాయిడ్ ఇంజెక్షన్ అమెరికాలో రెండేళ్ళు నిండినవాళ్ళకే, అదీ బయల్దేరడానికి రెండు వారాల ముందు పడాలి. మా పాపకి సరే, బాబుకి కుదరదు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఆరు నెలలు దాటిన పిల్లలకి కూడా వేస్తారు, కాబట్టి దిగగానే అక్కడి పిల్లల డాక్టర్‌తో మాట్లాడి వేయించాలని ఇక్కడి డాక్టర్‌ని అడిగే నిర్ణయించుకున్నాం. అప్పటిదాకా కాచి చల్లార్చిన నీళ్ళు, వేడి వేడి అన్నం. ఈ విషయంలో ఎవరి మొహమాటానికీ లొంగను.

జ్వరం మందు గురించి ప్రతి తల్లికీ తెలియాల్సింది ఒకటుంది. ఇక్కడ ఎసిటమినోఫెన్, అక్కడ పారాసెటమాల్, మందు ఒకటే. కానీ ఇక్కడి పిల్లల సిరప్‌లో 5 మి.లీ.కి 160 మి.గ్రా. ఉంటుంది. అక్కడ దొరికే సీసాల్లో 5 మి.లీ.కి 120 ఉన్నవీ ఉంటాయి, 250 ఉన్నవీ ఉంటాయి. ఇక్కడి అలవాటు ప్రకారం "ఒక చెంచా" అనుకుని పోస్తే డోసు తక్కువో ఎక్కువో అవుతుంది. డాక్టర్ చేత డోసు మిల్లీగ్రాముల్లో రాయించుకుని, మి.లీ. గీతలున్న సిరంజి వెంట తీసుకెళ్తున్నాను. వానలు మొదలయ్యాక డెంగీ కాలం, అందుకని జ్వరం డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్ అనే ఇంకో జ్వరం మందు ఇవ్వకూడదు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ రెండూ కలిపిన సిరప్‌లు కూడా మందుల షాపులో దొరుకుతాయి, లేబుల్ చదవకుండా తాగించొద్దు.

విరేచనాలకి ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మంచిది, పెద్దదయితే లీటరు నీళ్ళకి, చిన్నదయితే 200 మి.లీ.కి, మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుడు నీళ్ళలో చిటికెడు చిటికెడు వేసి కలిపే పద్ధతి సరికాదు. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని తియ్యటి పానీయాలు అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్‌గారు ఏళ్ళ తరబడి పోరాడారు, చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పేర్లు వాడకూడదని ఆదేశించింది. ఒక్క డాక్టర్ పట్టుదల వల్ల ఎంతమంది పసిపిల్లలకి మేలు జరిగిందో తలచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అయినా ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసే కొనండి.

కుక్కలు. ఇక్కడి పిల్లలు ఏ కుక్క కనిపించినా నిమరడానికి పరుగెడతారు, ఎందుకంటే వాళ్ళకి తెలిసిన కుక్కలన్నీ పట్టీ కట్టినవే. మా పాపకి ఇప్పటి నుంచే చెబుతున్నాను, వీధిలో కుక్క పడుకుని ఉంటే దాని దారిన దాన్ని వదిలెయ్యాలి, దగ్గరికొస్తే పరుగెత్తకుండా నిలబడాలి, చిన్న గీత పడినా వెంటనే నాకు చెప్పాలి, నేను కోప్పడను. ఆ చివరి మాటే ముఖ్యం, భయపడి దాచేస్తే ప్రమాదం. కరిస్తే పావుగంట సేపు ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో కడిగి అదే రోజు ఆస్పత్రికి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు, ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే చెప్పి ఉంచాను.

ఇంటి విషయానికొస్తే, అమ్మని వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించమన్నాను. నేను పెరిగిన ఇల్లే, అయినా రెండేళ్ళ బిడ్డ కళ్ళతో చూస్తే వేరేగా కనిపించింది. సంపు మూత రేకుది, పక్కకి జరిపితే జరిగిపోతుంది. డాబా మీద పిట్టగోడ నా నడుము దాకా కూడా లేదు. పొయ్యి గట్టు మీదే ఉంది గానీ గ్యాస్ ట్యూబు చేతికందేంత కిందికి వేలాడుతోంది. సంపుకి తాళం వేసే ఇనుప మూత చేయించారు, డాబా మెట్ల దగ్గర చిన్న గేటు పెట్టించారు, కిటికీలకి దోమల మెష్ కొట్టించారు. నాన్న ఒక్క మాట కూడా అనకుండా వారం లోపు అన్నీ చేయించేశారు. కారు సంగతి కూడా చెప్పాలి, అద్దె కార్లలో వెనక బెల్టులు చాలాసార్లు సీటు కవర్ల కిందికి వెళ్ళిపోయి ఉంటాయి, డ్రైవర్‌కి ముందు రోజే చెప్పి బయటికి తీయించి పెట్టమనాలి. కార్ సీటు ఇక్కడి నుంచే తీసుకెళ్తున్నాం.

ఇన్ని చేశాక కూడా నాకు ఎక్కువ దిగులు మాటల గురించే. మా పాపకి తెలుగు మొత్తం అర్థమవుతుంది, ఇక్కడ తెలుగు నేర్పే మనబడికి వెళ్తుంది, అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, కానీ జవాబు ఇంగ్లీషులో వస్తుంది. నోరు విప్పి తెలుగులో ఒక వాక్యం అన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు ఫక్కున నవ్వితే, ముద్దొచ్చి నవ్వినా సరే, ఆ పిల్ల ఇక ఆ సెలవుల్లో నోరు తెరవదు. ఇలా మూగబోయిన పిల్లల్ని మా స్నేహితుల ఇళ్ళల్లో చూశాను. అందుకని అక్కకి, అన్నయ్యకి, అత్తగారికి అందరికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పాను. మా అత్తగారితో, "అత్తయ్యా, అది తప్పు మాట్లాడినా నవ్వొద్దండీ, ఏదీ ఒక పద్యం చెప్పు అని నలుగురిలో నిలబెట్టొద్దండీ, మీరు మామూలుగా మాట్లాడుతూ ఉండండి, అదే అందుకుంటుంది" అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "అట్లనేనమ్మా, నేను దాంతోని వంటింట్లో ఉల్లిగడ్డలు పొట్టు తీయిస్త, పని చేసుకుంట ముచ్చట పెడితే మాటలు అవే వస్తయి" అన్నారు. నేను చదివిన పేరెంటింగ్ వ్యాసాలన్నిటి కంటే ఆ సలహా బాగుంది.

రంగు గురించి, ఒళ్ళు గురించి కూడా చెప్పాను. "ఏంటమ్మా ఇంత బక్కగా ఉంది", "ఎండలో తిరిగి నల్లబడిపోయింది, పుట్టినప్పుడు తెల్లగా ఉండేది" లాంటివి మనం పెరుగుతూ లక్షసార్లు విన్నాం, దులిపేసుకున్నామని అనుకుంటాం. ఆరేళ్ళ పిల్ల దులుపుకోలేదు. ఇది అడగడం కష్టం, పెద్దవాళ్ళకి నొప్పి కలగొచ్చు. అయినా అక్కడికెళ్ళాక అందరి ముందూ అడ్డుపడటం కంటే ఇక్కడి నుంచి విడిగా, నెమ్మదిగా చెప్పడమే వాళ్ళకీ గౌరవం.

దానికి బదులుగా నేను వదిలేసినవి చాలా ఉన్నాయి. నీళ్ళు, సంపు, డాబా, దోమతెర, కారు బెల్టు, ఈ నాలుగైదు తప్ప మిగతా అన్నిటిలో అమ్మమ్మ మాటే చెల్లుతుంది. ఆరేళ్ళ పిల్లకి గోరుముద్దలు తినిపిస్తారా, తినిపించనీ. పడుకునే ముందు పాలలో చక్కెర వేస్తారా, వేయనీ. తలకి నూనె పెట్టి రెండు జడలు బిగించి వేస్తారా, మరీ మంచిది. ఒక మనిషి మనవరాలి కోసం ఏడాదంతా ఎదురుచూసి దాచుకున్న ప్రేమకి మనం రూల్స్ పుస్తకం చూపించకూడదు.

ఒక సంగతిలో మాత్రం ఇంట్లో అందరితోనూ వాదించాను. ఎన్ఆర్ఐ పిల్లలు వస్తున్నారనగానే తిరుమలలో పుట్టు వెంట్రుకలు, బాసరలో అక్షరాభ్యాసం, చెవులు కుట్టించడం, కులదైవం గుడి, అన్నీ మొదటి పది రోజుల్లోనే పెట్టేస్తారు. డాలస్‌కీ ఇండియాకీ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, పిల్లలు రాత్రి రెండింటికి లేచి ఆకలంటారు, మధ్యాహ్నం నిలబడి నిద్రపోతారు. మొదటి వారం ఎక్కడికీ లేదని చెప్పేశాను. బాబు వెంట్రుకలు జూలైలో, వాళ్ళ నాన్న వచ్చాక, వానలు పడి కొండ మీద చల్లగా ఉన్నప్పుడు.

తిరిగి రావడం కూడా ఏర్పాట్లలో భాగమే. స్కూలు తెరవడానికి కనీసం వారం ముందు ఇంటికి చేరాలి. వచ్చిన కొన్ని వారాల్లోపు పిల్లలకి జ్వరం వస్తే ఇండియా వెళ్ళొచ్చామని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పాలి, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు చేయాలని అప్పుడే తడుతుంది. అక్క పిల్లలతో కాల్ టైము కూడా ఇప్పుడే మాట్లాడి పెట్టుకున్నాం, శనివారం ఇక్కడ పొద్దున తొమ్మిది, అక్కడ రాత్రి ఏడున్నర. చలికాలంలో గడియారాలు మారాక అక్కడ ఎనిమిదిన్నర అవుతుంది, అప్పటికి వాళ్ళ భోజనాలు కూడా అయిపోయి ఉంటాయి.