పోస్ట్‌జీఐఎస్‌లో రొయ్యల గుంటల లెక్క ఎక్కడ తప్పుతుంది

నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల గుంటల మీద శాటిలైట్ చిత్రాలతో థీసిస్ మొదలుపెట్టేవాళ్లకి నా మొదటి సలహా ఒకటే: గుంటలెన్నో చెప్పే జోలికి పోకండి, విస్తీర్ణం చెప్పండి.

ఎందుకంటే సెంటినెల్-2 శాటిలైట్ చిత్రంలో పిక్సెల్ 10 మీటర్లు. ఎకరం గుంట 4,047 చదరపు మీటర్లు. నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క 64 మీటర్లు, అంటే ఆరు పిక్సెళ్ల చిల్లర. ఆరు ఆర్లు ముప్పై ఆరు పిక్సెళ్లలో 20 అంచు మీదే పడతాయి. నికరంగా నీళ్లే కనపడేవి 16. రెండు గుంటల మధ్య గట్టు రెండు మూడు మీటర్లే కాబట్టి అది పిక్సెల్‌లో కరిగిపోతుంది, పక్కపక్కనున్న నాలుగు గుంటలు ఒకటే పాలిగాన్‌గా (మూసిన ఆకారంగా) బయటికొస్తాయి. నీటిని గుర్తించే సూచికల్లో ఎంఎన్‌డీడబ్ల్యూఐ వాడితే ఇంకా కష్టం, దానికి కావలసిన బ్యాండ్ 11 (షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్) పిక్సెల్ 20 మీటర్లు. గుంటల అంచులకి బ్యాండ్ 3 (ఆకుపచ్చ), బ్యాండ్ 8 (నియర్ ఇన్‌ఫ్రారెడ్)లతో చేసే మామూలు ఎన్‌డీడబ్ల్యూఐనే నయం.

ఒక్క తేదీ చిత్రంతో తేల్చేయడం మరో పొరపాటు. రొయ్యలు పట్టేశాక గుంట ఎండబెడతారు, ఆ రోజు చిత్రంలో అది ఒట్టి నేల. నాట్లప్పుడు వరి కయ్యలు నిండు నీళ్లతో గుంటల్లాగే కనపడతాయి. ఉప్పు కొఠార్లు కూడా అంతే. వీటిని విడదీసేది కాలమే: వరి కయ్యలో కొన్ని వారాలకి పైరు నీటిని కప్పేస్తుంది, గుంటలో నీళ్లు నెలల తరబడి నిలుస్తాయి. అందుకని ఏడాది పొడుగునా ఎన్ని చిత్రాల్లో నీళ్లున్నాయో పిక్సెల్ వారీగా శాతం తీయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ మబ్బులే కాబట్టి ఆ నెలలకి మబ్బుల్లోంచి చూడగల సెంటినెల్-1 రాడార్ తప్పదు. గాలి, ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) నీటిని కదిలిస్తే రాడార్‌కి అది నేలలా కనపడుతుంది. ఒక్క చిత్రం మీద ఆధారపడకుండా నెలంతటి మీడియన్ (నడిమి విలువ) తీసుకోండి. నీటినీ నేలనీ విడదీసే త్రెషోల్డ్ ఎవరి పేపర్లోంచో ఎత్తి పెట్టకుండా మీ చిత్రం విలువల హిస్టోగ్రామ్ చూసి పెట్టుకోండి.

ఇక డేటాబేస్, అంటే పటాల ఆకారాలని దాచి కొలిచే పోస్ట్‌జీఐఎస్. ఎస్‌టీ_తో మొదలయ్యేవన్నీ దాని ఫంక్షన్లే. అసలు తలనొప్పి ఇక్కడే. మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో రెండు జిల్లాలూ 44వ జోన్‌లోనే ఉన్నాయి. కాబట్టి ఫైళ్లని డేటాబేస్‌లోకి మార్చే ఓజీఆర్2ఓజీఆర్‌తో ఎక్కించేటప్పుడే ఆ జోన్ కోడ్ ఈపీఎస్‌జీ 32644కి మార్చేయండి. అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉండే 4326లో వదిలేస్తే ఎస్‌టీ_ఏరియా చదరపు డిగ్రీలిస్తుంది, దేనికీ పనికిరాదు. ఎక్కించేటప్పుడు మార్చకుండా క్వెరీలో ఎస్‌టీ_ట్రాన్స్‌ఫామ్ పెట్టేవాళ్లున్నారు. వెతుకులాటని వేగం చేసే గిస్ట్ ఇండెక్స్ ఉన్నది అసలు కాలమ్ మీద, మార్చిన విలువ మీద కాదు. దాంతో ఇండెక్స్ పక్కకి పోయి టేబుల్ మొత్తం చదువుతుంది. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్‌లో సీక్ స్కాన్ (టేబుల్ మొత్తం చదవడం) కనపడితే మొదట ఇదే అనుమానించండి. బకింగ్‌హామ్ కాలువకి 500 మీటర్లలోపు గుంటలు కావాలన్నా ఇదే తంతు: ఎస్‌టీ_డిస్టెన్స్ 500 కంటే తక్కువ అని రాస్తే ఇండెక్స్ వాడదు, ఎస్‌టీ_డీవితిన్ వాడుతుంది.

ఇండెక్స్ వాడినా నెమ్మదిగా ఉందా? ఇండెక్స్ చూసేది ఆకారాన్ని కాదు, దాని చుట్టూ గీసిన పెట్టెని. తీరం వెంబడి పోయే కాలువని ఒకే గీతగా పెడితే ఆ పెట్టె తీరమంతా మింగేస్తుంది, ప్రతి గుంటనీ దగ్గర పెట్టుకుని కొలవాల్సి వస్తుంది. ఎస్‌టీ_సబ్‌డివైడ్‌తో ముక్కలు చేసి, ముక్కల మీద ఇండెక్స్ వేసి, టేబుల్ గణాంకాలు తాజా చేసే అనలైజ్ నడపండి. ముక్కలయ్యాక ఒకే గుంట రెండు ముక్కలకి తగిలి రెండుసార్లు వస్తుంది, ఒక్కోదాన్ని ఒకసారే ఇచ్చే డిస్టింక్ట్ మరవకండి. సెంటినెల్-2 టైల్స్ (చిత్రాలని విడగొట్టి ఇచ్చే చదరపు ముక్కలు) కూడా ఒకదాని మీదొకటి సుమారు 10 కిలోమీటర్లు ఎక్కి ఉంటాయి. టైల్ వారీగా పాలిగాన్లు తీసి కలిపితే ఆ పట్టీలో గుంటలన్నీ రెండేసి.

గ్రామ సరిహద్దుల పాలిగాన్లలో గీతలు తమని తామే ఖండించుకోవడం మామూలే. ఎస్‌టీ_ఈజ్‌వాలిడ్‌రీజన్ తప్పు ఎక్కడుందో బిందువుతో సహా చెబుతుంది. ఎస్‌టీ_మేక్‌వాలిడ్ సరిచేస్తుంది గానీ, ఒక్కోసారి పాలిగాన్‌తో పాటు గీతముక్కలూ కలిపి ఇస్తుంది. ఎస్‌టీ_కలెక్షన్‌ఎక్స్‌ట్రాక్ట్‌లో 3 పెట్టి పాలిగాన్లే ఏరుకోండి. సరిహద్దు మీదున్న గుంట ఎస్‌టీ_ఇంటర్‌సెక్ట్స్‌కి రెండు గ్రామాలదీ అవుతుంది. ఎప్పుడూ గుంట మీదే పడే బిందువు ఎస్‌టీ_పాయింట్‌ఆన్‌సర్ఫేస్ ఏ గ్రామంలో పడితే దానికి కట్టబెట్టండి. సెంట్రాయిడ్ (ఆకారం కేంద్రబిందువు) వద్దు, ఎల్ ఆకారపు గుంటకి అది గుంట బయట పడొచ్చు.

జిల్లా మొత్తాల దగ్గర చాలామంది చూసుకోనిది ఇంకోటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకి పోయాయి, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకి వచ్చింది, చీరాల బాపట్లలో చేరింది. ఏటికేడు అప్పటి సరిహద్దు వాడితే నెల్లూరు గ్రాఫ్ 2022లో విరిగిపోతుంది, నేల మీద ఒక్క గట్టు కదలకపోయినా. సరిహద్దు టేబుల్లో మొదలు తేదీ, ముగింపు తేదీ కాలమ్‌లు పెట్టుకుని, ట్రెండ్ చూపేటప్పుడు మాత్రం ఏదో ఒక తేదీ సరిహద్దుతోనే అన్ని ఏళ్లూ లెక్కించండి. ఆ తేదీ ఏదో గ్రాఫ్ కిందే రాయండి.